నలుగురికీ కుదిరిన ఒక్క బుధవారం

ట్రౌట్ అనే చేప మన వైపు నీళ్లలో బతకదు. ఎండాకాలంలో కూడా చేయి పెడితే జివ్వుమనే కొండనీళ్లు దానికి కావాలి. మా కరీంనగర్‌లో మే నెల మధ్యాహ్నం నల్లా తిప్పితే చేయి కాలుతుంది. అందుకని మా నలుగురి చేపల ప్రయాణం ఆదిలాబాద్ కొండల్లోని ఏదో ఒక వాగుకు, అక్కడ దొరికే పరకల కోసం, జెల్లల కోసం అని నోటుబుక్కు మొదటి పేజీలోనే రాశాను. చేప మారింది గాని ప్రయాణం మారలేదు.

ట్రౌట్ మాట తెచ్చింది హిందీ టీచరు. నేను లెక్కలు, ఆమె హిందీ. ఒకే ఆడపిల్లల హైస్కూల్లో పద్దెనిమిదేళ్లు పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నాం. రిటైరయ్యాక ఆమె మా వీధి మలుపులోనే ఇల్లు కట్టుకుంది. పోయిన మే నెలలో తమ్ముడి కుటుంబంతో కులూ వైపు వెళ్లి వచ్చి, మా ఇంటి ముందు అరుగు మీద కూర్చుని చెప్పింది.

“మన అసొంటి ముసలోళ్లే పడుతున్నరు అక్క. మోకాళ్ల దాక నీళ్లల్ల నిలవడి, సేతుల సన్నపు కట్టె పట్టుకొని. రానోళ్లకు నేర్పనీకె మనిషి సుత ఉంటడు. పట్టుడు, ఫోటో దిగుడు, మల్ల నీళ్లల్లనే ఇడిసిపెట్టుడు.”

“ఇడిసిపెట్టేదానికి పట్టుడెందుకు?” అంది కుట్టుమిషన్ చెల్లె. ఆమెది సిరిసిల్లలో మరమగ్గాల ఇల్లు. భర్త అక్కడే మగ్గం నడుపుతాడు. కూతురు చదువు కోసం ఈమె మా వీధిలో ఒక గది తీసుకుని జాకెట్లు కుడుతుంది.

“నీకు ఏది కనవడ్డా పులుసే యాదికొస్తది,” అంది ఇంటామె.

ఇంటామె అంటే నేను అద్దెకున్న ఇంటి యజమానురాలు. వాళ్లు కింద, నేను పైన. మా ఆయన పోయి పదకొండేళ్లు, అదే వీధిలో ఇల్లు మారి ఆ ఇంట్లో చేరి పది. పిల్లలు లేరు. ఆ పదేళ్లూ సాయంత్రం అయిదున్నర నుంచి ఏడు దాకా మేం నలుగురం ఆ అరుగు మీద కూర్చునేవాళ్లం. ఆ రోజు, “మనం సుత ఒకసారి పోదాం” అన్నారు ముగ్గురూ. ఎవరు ముందు అన్నారో కూడా నాకు గుర్తుంది. ఇంటామె.

జూన్ పదకొండున మురికికాలువ వెడల్పు చేయడానికి వచ్చి వీధిలోని అరుగులన్నీ పగలగొట్టారు. కాలువ మీద బండలు పరిచారు, ఇంటామె గేటును రెండడుగులు లోపలికి జరిపించుకుంది. కూర్చునే చోటు పోయింది. కుర్చీలు వేసుకుందామంటే ఎవరి కుర్చీ, ఎవరి గేటు ముందు అనే మొహమాటం. ఒకళ్లు సీరియల్ అన్నారు, ఒకళ్లు కుట్టుపని అన్నారు. మొదటి పదిహేను రోజులు గేటు దగ్గర నిలబడి మాట్లాడుకున్నాం. నిలబడి మాట్లాడే మాట ఎంతసేపు? తర్వాత అదీ లేదు.

లెక్క పెట్టడం నా అలవాటు. పాలవాడినీ కూరగాయల బండివాడినీ తీసేస్తే, జూలైలో నేను ఒక మనిషితో నాలుగు మాటలు మాట్లాడిన రోజులు తొమ్మిది. ఆగస్టులో ఆరు. సెప్టెంబర్ పది దాటినా ఒకటే. ఆ రోజు గొంతు సవరించుకుంటే నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. నోటుబుక్కు తీసి చేపల ప్రయాణం అని రాసింది ఆ సాయంత్రమే. నలుగురం మళ్లీ ఒకచోట కూర్చోవాలి. నాకు కావలసింది అంతే, చేపలు దానికి ఒక సాకు. కాని ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ప్రయాణం గురించే చెప్పాను.

వాగు వెతకడానికి నా పాత విద్యార్థిని సాయపడింది. ఆమె ఇప్పుడు ఉట్నూరు వైపు ఒక ఆడపిల్లల హాస్టల్లో టీచరు. ఫోన్లో అడిగాను: కొత్తవాళ్లు దిగగలిగే వాగు కావాలి. లోతు మోకాలు దాటకూడదు. అడుగున పాకుడు బండలు కాక ఇసుక, గులకరాళ్లు ఉండాలి. బండి దిగిన చోటి నుంచి నడక అర కిలోమీటరు మించకూడదు, హిందీ టీచరుకు మోకాళ్లు బాగాలేవు. ఒడ్డున నీడ ఉండాలి. అన్నిటికన్నా ముందు, అది అభయారణ్యం హద్దులో ఉండకూడదు. గాలం పట్టుకుని అడవిలో దిగితే కేసు పెడతారు.

“టీచర్, పరీక్ష పేపర్ ఇచ్చినట్టే ఉన్నది,” అని నవ్వింది. కాని వారం తిరక్కుండా అన్నిటికీ జవాబు తెచ్చింది. హాస్టల్‌కు రెండు కిలోమీటర్ల దూరంలో, ఊరి కింద పారే వాగు. అటవీ హద్దుకు బయట. ఊరి పెద్దమనిషిని అడిగితే, గాలంతో నాలుగు పరకలు పట్టుకోవడానికి మాకేం అభ్యంతరం అన్నాడట. ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్పింది. వాన నీళ్లు తగ్గి వాగు తేటపడేది దీపావళి దాటాకే. అప్పటిదాకా వడి ఎక్కువ, కొత్తవాళ్లు నిలబడలేరు. ఫిబ్రవరి వస్తే ధార సన్నబడి మడుగులు మిగులుతాయి. అంటే నవంబర్ ఒకటి నుంచి జనవరి ముప్పై ఒకటి దాకా తొంభై రెండు రోజులు.

తొంభై రెండు రోజుల్లో నాలుగిళ్లకు కుదిరే ఒక్క రోజు దొరకడం కష్టమా అనుకున్నాను. మా దగ్గర నీసు ముట్టని రోజులు ఎన్నో అప్పటిదాకా నేనెప్పుడూ కూడి చూడలేదు. నాకు ఏ వారమూ లేదు, ఏ ఒక్కపొద్దూ లేదు.

ముందు కార్తీకం పోయింది. నెలంతా ఎవరూ ముట్టరు. ముప్పై రోజులు. కార్తీకంలోనే ఇంటామె భర్త అయ్యప్ప మాల వేసుకుంటాడు, మకరజ్యోతి దాకా తీయడు.

“మాల వేసుకున్నది నువ్వు కాదు కద. వాగు కాడ చాప ముట్టుకొని ఇంటికచ్చి తానం చేస్తే అయిపాయె,” అన్నాను.

“స్వామికి బిచ్చ వండే సేతులు వదినె. చాపను వట్టిన సేతుతోని వండుతనా? నీకు దేవుడంటే లెక్క లేదు గని నాకు భయం ఉన్నది.”

సరే, మకరజ్యోతి దాకా కొట్టేశాను. డెబ్బయ్యైదు రోజులు అట్లా పోయి పదిహేడు మిగిలాయి. అప్పుడు వారాలు మొదలుపెట్టాను. సోమవారం వేములవాడ రాజన్నది, అది అందరికీ. మంగళవారం కొండగట్టు అంజన్నది, కుట్టుమిషన్ చెల్లె ఉంటుంది. గురువారం సాయిబాబాది, ఇంటామె. శుక్రవారం లక్ష్మిది, హిందీ టీచరు. శనివారం వెంకన్నది, మళ్లీ ఇంటామె, చెల్లె ఇద్దరూ. ఆదివారం ఏ దేవుడిదీ కాదు గాని చెల్లె భర్త సిరిసిల్ల నుంచి వచ్చేది ఆ ఒక్క రోజే. మిగిలింది బుధవారం. ఆ పదిహేడు రోజుల్లో బుధవారాలు మూడు. పదిహేనో తేదీ కనుమ, చుట్టాలుంటారు. ఇరవై తొమ్మిది అమావాస్య. కాబట్టి జనవరి ఇరవై రెండు.

నా సర్వీసులో ఎన్ని లెక్కలు చేశానో గాని, ఇంత చేస్తే చివరికి ఒక్క అంకె మిగిలిన లెక్క చేయలేదు. ఆ రాత్రి పడుకునే ముందు ముగ్గురికీ ఫోన్ చేశాను. ముగ్గురూ సరే అన్నారు.

ఇక్కడిదాకా నేను చేసిన పనిలో తప్పు లేదనే ఇప్పటికీ నా అభిప్రాయం.

మానేరు డ్యామ్ దగ్గర గాలం వేసేవాళ్లను అడిగి నాలుగు వెదురు కట్టెలు కోయించాను. ఒక్కోటి ఏడడుగులు, చివర సన్నంగా, వంచితే వంగి మళ్లీ నిలబడేవి. దారం, చిన్న గాలాలు, తేలడానికి బెండు ముక్కలు తెచ్చి కట్టాను. నేర్చుకోకుండా వెళ్తే కొండగాలికి దారం చెట్టుకే చిక్కుకుంటుంది. కాబట్టి జనవరి అయిదున, ఆదివారమే అయినా గంటన్నర పనే కదా అని, పదకొండు గంటలకు డాబా మీద అభ్యాసం పెట్టాను. గాలం బదులు నిమ్మకాయ కట్టాను. పన్నెండడుగుల దూరంలో ప్లాస్టిక్ టబ్బు పెట్టాను. నిమ్మకాయ టబ్బులో పడాలి. ఒక్కొక్కరికి పది విసుర్లు.

ముగ్గురూ వచ్చారు. ఆ గంటన్నర నాకు చాలా సంతోషంగా గడిచింది. హిందీ టీచరు విసిరిన నిమ్మకాయ పక్కింటి వాళ్లు ఎండబెట్టిన వడియాల మీద పడితే కుట్టుమిషన్ చెల్లె నేల మీద కూర్చుని నవ్వింది. ఇంటామె కొంగు నడుముకు చుట్టి, దేవుణ్ణి తలుచుకుని విసిరితే నిమ్మకాయ తిరిగి వచ్చి ఆమె వీపునే తాకింది. తొమ్మిది నెలల తర్వాత వాళ్ల నవ్వు నా డాబా మీద వినిపించింది అనబోయాను, లెక్క చూస్తే ఏడు నెలలే.

అయిపోయాక నేను కాగితం తీసి మార్కులు చదివాను. కుట్టుమిషన్ చెల్లెకు పదికి ఏడు. నాకు ఆరు. హిందీ టీచరుకు నాలుగు. ఇంటామెకు ఒకటి.

“ఒకటేనా?” అంది హిందీ టీచరు నవ్వుతూ. “వదినె, నీ దేవుని దయ గింతేనా?”

ఇంటామె నవ్వలేదు. కొంగు సర్దుకుని, స్టవ్ మీద పాలు పెట్టి వచ్చానంటూ దిగిపోయింది. ఒకటి తక్కువ అని నేను చెప్పలేదు, ఉన్నది చదివాను. ఎవరికి ఇంకా అభ్యాసం కావాలో తెలియాలి కదా అనుకున్నాను.

మర్నాడు ప్రయాణ పత్రం రాసి నాలుగు కాపీలు తీయించి తలా ఒకటి ఇచ్చాను. నాలుగు ముప్పావుకు కారు గేటు ముందుంటుంది, అయిదుకు కదులుతుంది, ఆలస్యమైన వారికోసం ఆగదు. పాత చీర, జారని చెప్పులు, టోపీ లేదా తువ్వాలు. ఎర కోసం వానపాములు నేను తెస్తాను, ముట్టనివాళ్లకు గోధుమపిండి ముద్ద. జెల్ల పడితే చేత్తో పట్టకూడదు, ముల్లు గుచ్చుతుంది, గుడ్డతో పట్టాలి. వాగులో ఎనిమిది నుంచి పదిన్నర దాకా ఎవరూ మాట్లాడకూడదు, అలికిడికి చేప బెదురుతుంది.

కుట్టుమిషన్ చెల్లె కాగితం చదివి నా వైపు చూసింది.

“రెండున్నర గంటలు నోరు మూసుకొని కూసుండనీకె అంత దూరం పోవుడెందుకు టీచరమ్మ? ఎవలింట్ల వాళ్లం కూసుంటనే ఉన్నం కద.”

“చేపలు పడాలె కద,” అన్నాను.

జనవరి పంతొమ్మిదిన చెల్లె వచ్చి, మాఘమాసం పెళ్లిళ్ల జాకెట్లు ముప్పై దాకా మీద పడ్డాయని, బుధవారానికి ఇవ్వకపోతే గిరాకీ పోతుందని చెప్పింది. ఇరవై ఒకటి పొద్దున హిందీ టీచరు ఫోన్ చేసి మోకాలు వాచిందంది. ఈ రెండూ నిజాలే కావచ్చు. నేను విచారించలేదు. ఈ రెంటి మధ్య, ఇరవై సోమవారం నాడు, ఇంటామె మెట్ల మీద ఎదురైంది.

“వదినె, నేను బుధవారం రానేమో. ఒక్కపొద్దు పట్టిన.”

“బుధవారమా? బుధవారం ఏ దేవునిది?”

ఆమె మెట్ల గోడ మీద చేయి వేసి, కింద తన గడప వైపు చూసింది.

“గణపతిది.”

“ఎప్పటిసంది?”

“గీ వారం సంది.”

పోయిన బుధవారం, కనుమ నాడు, కింది నుంచి చింతపండు చేపల పులుసు వాసన వచ్చింది. మాల తీసిన మర్నాడు కాబట్టి రెండు నెలల తర్వాత వచ్చిన వాసన అది. వారం రోజుల్లో బుధవారానికి దేవుడు ఎలా వచ్చాడో నాకు అర్థమైంది. నేను కొట్టేస్తూ కొట్టేస్తూ ఆమెకు ఒక్క రోజు మిగిల్చాను. ఆ రోజును ఆమె తనంత తానే కొట్టేసింది.

“మంచిది,” అని పైకి వెళ్లాను. మర్నాడు హిందీ టీచరు కూడా రానన్నాక, కారు వద్దని ఫోన్ చేశాను.

నలుగురికైతే కారు, ఒక్కరికి బస్సు చాలు. ఇరవై రెండున అయిదూ పదికి బస్సెక్కాను. జగిత్యాలలో మారాను, లక్సెట్టిపేటలో మారాను. మూడు బస్సుల్లో ఆధార్ కార్డు చూపిస్తే, ఆడవాళ్లకు ఊరికే ఇచ్చే జీరో టికెట్లు మూడు కొట్టారు. మూడో కండక్టరు నా వెదురు కట్టెలు చూసి, “ఏడికి పెద్దమ్మ, పెండ్లి పందిరికా?” అన్నాడు. చేపలకు అంటే నమ్మలేదు. రెండు కట్టెలు తెచ్చాను, ఒకటి విరిగితే ఒకటి. రాయపట్నం వంతెన మీద గోదావరి పొగమంచులో కనబడలేదు. పక్క సీటు జన్నారం దాకా ఖాళీగానే ఉంది.

తొమ్మిదీ ఇరవైకి నా విద్యార్థిని స్కూటీతో ఎదురొచ్చింది. ఆమెకు నలభై ఆరేళ్లు. “మిగతా మేడంలు ఏరి టీచర్?” అని నా వెనక చూసింది. రాలేదన్నాను. ఇంకేం అడగకుండా వాగు దాకా దింపి, పదింటికి క్లాసుందని, హాస్టల్లో వంట చేసే ఆమె అత్త ఇక్కడే చేపలు పడుతుందని చెప్పి, ఆమెకు అప్పగించి వెళ్లిపోయింది.

ఆ ముసలామె నాకన్నా అయిదారేళ్లు పెద్దదై ఉంటుంది. గోచి పోసి కట్టిన చీర, చేతిలో నా కట్టెకన్నా పొట్టి కట్టె. బండ మీద కూర్చుని గాలం నీళ్లలో వేసి, ఆపకుండా మాట్లాడుతోంది. మనవరాలి సంబంధం గురించి, పత్తి తూకం గురించి, కోడలు పప్పులో వేసే ఉప్పు గురించి. నేను నోటి మీద వేలు పెట్టుకున్నాను.

“చప్పుడు జేస్తే చాపలు పోవా?”

“వాగు పొద్దటిసంది మొత్తుకుంటనే ఉన్నది కద బాయి. దాని ముంగట నా నోరెంత?”

నిజమే. గులకరాళ్ల మీద నీళ్లు చేసే చప్పుడుకు నేను రెండుసార్లు అడిగితే గాని ఆమెకు వినబడలేదు. గొంతు చప్పుడుకు కాదట, కాళ్లతో రాళ్లు కదిలిస్తే బెదురుతాయట. ఎనిమిదింటికి వద్దామనుకున్నామని చెప్పాను. దానికీ నవ్వింది.

“నక్కో, అద్దు బాయి. చలిల ఎవలు తింటరు? నీళ్లకు ఎండ తగలాలె. అప్పుడు గద వాటికి ఆకలైతది.”

నాలుగు నెలలు ఆలోచించి రాసిన పత్రంలో ఎనిమిది గంటల వేళ తప్పు, మౌనం తప్పు. ఆ మౌనం కోసమే నేను చెల్లెతో చేపలు పడాలె కద అన్నాను.

నీళ్లు చల్లగా, అడుగున ఇసుక కనబడేంత తేటగా ఉన్నాయి. మోకాలికి నాలుగు వేళ్ల కింది దాకా వచ్చాయి. పదీ నలభైకి బెండు మునిగింది. లాగితే జానెడు జెల్ల. అంత ఆత్రంలో గుడ్డ సంగతి మరిచి చేత్తో పట్టాను. దాని ముల్లు బొటనవేలి మొదట్లో దిగింది. మోచేతి దాకా మంట పాకింది. ముసలామె నా చేయి లాక్కుని రక్తం పిండి, “గుడ్డతోని పట్టాలెనని తెల్వదా?” అంది. నేను రాశాను. నాలుగు కాపీలు.

తర్వాత మూడు పరకలు పడ్డాయి. పన్నెండున్నరకు ఆమె తన సద్దిమూట విప్పి జొన్నరొట్టెలో సగం నాకు ఇచ్చింది.

“ఇంత దూరం ఒక్కదానివే వస్తివా? తోడెవ్వలు లేరా?”

“ముగ్గురున్నరు. ఒకామెకు కుట్టుపని. ఒకామెకు మోకాలు. ఒకామెకు ఒక్కపొద్దు.”

“అట్లనా.”

ఆమె రొట్టె నములుతూ వాగు వైపే చూస్తోంది. మళ్లీ అడగలేదు. అడగనందుకే అనుకుంటాను, చెప్పాను.

“నేను వాళ్లకు మార్కులు వేసిన. పైకి చదివిన.”

“మార్కులా? ఎందుకు?”

నాలుగు చేపలూ ఆమె బుట్టలోనే వేశాను. మూడు బస్సులు మారేసరికి పాడైపోతాయి.

ఇల్లు చేరేసరికి ఆరూ పావు. ఇంటామె గేటు ముందు నీళ్లు చల్లుతోంది. నా చీర అంచు బురద చూసి, తన కొంగు పక్కకు లాక్కుని దారి ఇచ్చింది. ఒక్కపొద్దులో నీసు తగలకూడదు.

“పడ్డయా వదినె?”

“నాలుగు.”

“ఏవి మరి?”

“ఆడనే ఇచ్చి వచ్చిన.”

పోయిన బుధవారం పులుసు గురించి అడగాలని నాలుక చివరి దాకా వచ్చింది. ఆమె నా వాచిన బొటనవేలు చూస్తోంది. పైకి వెళ్లి కాళ్లు కడుక్కున్నాను. ఆ రాత్రి కింద టీవీ చప్పుడు తొమ్మిది దాకా వినబడింది.

జనవరి ఇరవై తొమ్మిది బుధవారం, అమావాస్య. కింద పోపు వాసన లేదు. అమావాస్య కదా అనుకున్నాను. ఫిబ్రవరి అయిదు బుధవారం కూడా పొద్దుటి నుంచీ లేదు. ఆ సాయంత్రం, ఎప్పటిదో వాళ్ల స్టీలు గిన్నె ఒకటి నా దగ్గరుంటే ఇవ్వడానికి కిందికి వెళ్లాను. భర్త ఊళ్లో లేడు. గణపతి పటం ముందు దీపం ఉంది. ఆమె ఒక్కతే నేల మీద కూర్చుని, పొద్దుటి నుంచి మొదటి ముద్ద కలుపుకుంటోంది. పెరుగన్నం.

నేను గడప దగ్గరే నిలబడ్డాను.

“ఎన్ని వారాలు?”

“అయిదు.”

“ఎప్పుడు మొక్కుకున్నవ్?”

ఆమె ముద్ద కలపడం ఆపింది. ఆమెకు అబద్ధం ఆడటం బాగా రాదు. మెట్ల మీద కూడా బాగా ఆడలేదు.

“నీకు చెప్పిననాడే. నోటితోని దేవుని పేరు తీసినంక ఉండకపోతే ఎట్ల వదినె? ఊకె అంటే ఊకుంటడా ఆయన?”

నేను గడప దాటి వచ్చి కూర్చున్నాను. ఆ ఇంట్లో కూర్చోవడం జూన్ తర్వాత అదే మొదటిసారి.

“మార్కులు చదవకపోవాల్సింది,” అన్నాను.

“ముగ్గురి ముందట ఒకటంటివి.”

“ఒకటే పడ్డది కద.”

“పడ్డది. అయితే?”

ఆమె తింటూ ఉంది. మధ్యలో లేచి వెళ్లి తనే నాకో గిన్నెలో పెరుగన్నం పెట్టి తెచ్చింది. నేను ఆకలిగా లేనని అనలేదు.

“ఇంక రెండున్నయి. ఆ రెండు నేను సుత ఉంట,” అన్నాను.

“నీకు ఏ దేవుడు లేడంటవ్ కద.”

“ఉండనీకె దేవుడే ఉండాల్నా?”

“మరెవలుండాలె?” అని, నా ముఖం చూసి, నా గిన్నెలో ఇంకో గరిటె పెరుగు వేసింది.

పన్నెండో తేదీ పొద్దుటి నుంచి మంచినీళ్లతో ఉన్నాను. డెబ్బయ్యొకటో ఏట మొదటి ఒక్కపొద్దు. మధ్యాహ్నం మూడింటికి తల తిరిగింది. ఆరింటికి సొరకాయ పప్పు వండుకుని గిన్నెతో దిగాను. దీపం పెట్టి, ఇద్దరం తిన్నాం. వేరే ఊళ్లో ఉండే తన కోడలు ఫోన్లో అన్న మాట ఒకటి చెప్పి ఆమె కళ్లు తుడుచుకుంది. నేను మా ఆయన పోయిన నెలలో వీధిలో ఎవరెవరు వచ్చారో చెప్పాను. ఆమె మొదటి రోజే వచ్చిందని చెబితే, తనకు గుర్తు లేదంది. ఎనిమిదింటికి పైకి వచ్చాను. పంతొమ్మిదిన అయిదో వారం. ఆ రోజు ఆమె పెసరపప్పు పాయసం చేసింది, మొక్కు తీరింది కాబట్టి. హిందీ టీచరుకూ కుట్టుమిషన్ చెల్లెకూ గిన్నెల్లో పంపింది. వాళ్లు గేటు దాకా వచ్చి గిన్నెలు తిరిగి ఇచ్చి వెళ్లారు.

హాస్టల్ నుంచి ఫోన్ వచ్చింది. వాగు ధార ఆగిందట, రెండు మడుగులు మిగిలాయట.

రేపు బుధవారం, శివరాత్రి. ఊరంతా ఒక్కపొద్దే. ఇంటామె కుటుంబంతో వేములవాడ పోతోంది. ఆ తర్వాతి బుధవారం మార్చి అయిదు. ఆ రోజు ఆమెకు ఏ మొక్కూ లేదు. దీపం పెట్టదు, పొద్దున్నే తినేస్తుంది, సాయంత్రం నేను గిన్నె పట్టుకుని కిందికి దిగడానికి కారణం ఉండదు. కారణం లేకుండా రావచ్చునా అని ఆమెను అడగాలి. అడగడానికి ఇవాళ రెండుసార్లు మెట్ల దాకా వెళ్లాను.